వలస వచ్చిన ఇంట్లో పిల్లలు భద్రమేనా? రోహింగ్యా బస్తీల నుంచి విదేశాల్లోని మన ఇళ్ల దాకా తెలుసుకోవాల్సినవి

హైదరాబాద్: బాలాపూర్, షాహీన్ నగర్ వైపు వెళ్తే ఖాళీ ప్లాట్లలో వెదురు కర్రలు, టార్పాలిన్ షీట్లతో వేసుకున్న ఇళ్లు వరుసగా కనిపిస్తాయి. రోహింగ్యా కుటుంబాల క్యాంపులు ఇవే. పెద్దల్లో చాలామంది చిత్తు కాగితాలు, ప్లాస్టిక్ ఏరడానికో, అడ్డా మీద కూలి కోసమో తెల్లారేసరికే వెళ్లిపోతారు. ఎనిమిదేళ్ల ఆడపిల్ల చంకలో ఏడాది తమ్ముడు ఉంటాడు. లోపల కిరోసిన్ స్టవ్వో, కట్టెల పొయ్యో ఉంటుంది. బయటివాళ్లు చూస్తే "ఏం తల్లిదండ్రులో, పిల్లల్ని ఇలా వదిలేశారు" అంటారు. ఆ తల్లిని అడిగితే "పనికి పోకపోతే రాత్రికి వీళ్లకేం పెట్టను?" అంటుంది.

ఇద్దరి మాటా నిజమే. పిల్లలపై హింస, నిర్లక్ష్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు మాటల మధ్య తేడా తెలియకపోతే రెండు తప్పులు జరుగుతాయి. సాయం కావాల్సిన తల్లిని నేరస్తురాలిని చేస్తాం. నిజంగా దెబ్బలు తింటున్న పిల్లను "వాళ్ల ఇంటి విషయం" అని వదిలేస్తాం.

ఎక్కడి నుంచి వచ్చారు?

మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం వీళ్ల సొంత ప్రాంతం. 1982 నాటి పౌరసత్వ చట్టంతో వీళ్లలో అత్యధికులు ఏ దేశానికీ చెందని మనుషులుగా మిగిలారు. 2012లో జరిగిన హింస తర్వాత హైదరాబాద్‌కు రావడం ఎక్కువైంది. 2017 ఆగస్టులో సైనిక చర్య మొదలయ్యాక 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఇండియాలో యూఎన్‌హెచ్‌సీఆర్ దగ్గర పేర్లు నమోదైన రోహింగ్యాలు 20 వేలకు పైనే. వాళ్లలో కొన్ని వేల మంది హైదరాబాద్‌లో ఉన్నారు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై ఇండియా సంతకం చేయలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం కూడా లేదు. చేతిలో యూఎన్ కార్డు ఉన్నా చట్టం దృష్టిలో వాళ్లు విదేశీయులే. పిల్లల రక్షణ విషయంలో ప్రతి అడుగూ ఇక్కడే తడబడుతుంది.

ఇది వాళ్ల సమస్యేనా?

కాదు. 2007లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12 వేల మందికి పైగా పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం చేసింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నారని, సగం కంటే ఎక్కువమంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నారని అందులో తేలింది. లైంగిక వేధింపుల్లో దాదాపు సగం మంది విషయంలో చేసినవాళ్లు పిల్లలకు తెలిసినవాళ్లే. ఆ 13 రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రపంచం మొత్తం మీద ఐదేళ్ల లోపు పిల్లల్లో సుమారు 40 కోట్ల మంది ఇంట్లోనే దెబ్బలో, తిట్లో, అవమానమో మామూలుగా భరిస్తున్నారని 2024లో యూనిసెఫ్ లెక్క చెప్పింది. కాబట్టి "వాళ్ల కల్చరే అంత" అనే మాట ఎవరికీ పనికిరాదు. కొత్తగా వచ్చిన కుటుంబాల్లో అదే ప్రమాదం మీద ఇంకొన్ని బరువులు పడతాయి, అంతే.

ఆ బరువులు ఏంటంటే, మొదటిది చూసినది మరిచిపోలేకపోవడం. ఊరు కాలిపోవడం, దారిలో మనుషులు పోవడం చూసిన తండ్రికి రాత్రి నిద్ర ఉండదు. చిన్న చప్పుడుకే కోపం వస్తుంది. తల్లి మాట్లాడటం మానేస్తుంది. పసిబిడ్డ ఏడ్చినా ఆమెకు వినిపించనట్టే ఉంటుంది. బయటికి బద్ధకంలా కనిపించేది చాలాసార్లు డిప్రెషన్.

రెండోది ఇంట్లో స్థానాలు తారుమారు కావడం. క్యాంపు పిల్లలు ఆరు నెలల్లో ఉర్దూ మాట్లాడేస్తారు, స్కూల్‌కి పోతే తెలుగు కూడా వస్తుంది. అమ్మీ అబ్బాలకు రాదు. ఆసుపత్రిలో, కిరాణా షాపులో, పోలీసుల ముందు పదేళ్ల పిల్లాడే దుబాసీ. తల్లికి వచ్చిన జబ్బు గురించి డాక్టర్ చెప్పే మాటను ఆ పిల్లాడు విని తల్లికి చెప్పాలి. పెద్దరికం పోయిందనుకున్న తండ్రి దాన్ని చేత్తో తిరిగి తెచ్చుకోవాలని చూస్తాడు. అమెరికా, కెనడాలకు వెళ్లిన కుటుంబాల్లోనూ ఇదే కథ నడుస్తుంది, కాకపోతే అక్కడ భాష ఇంగ్లీషు.

మూడోది ఒంటరితనం. రఖైన్‌లో ఊళ్లో ఉంటే నానీ, దాదీ, ఖాలా, ఫుప్పీ అందరూ ఉంటారు. పిల్లాడు ఎవరి ఇంట్లో ఆడుకున్నా ఎవరో ఒకరు చూస్తారు. ఇక్కడ పక్క గుడిసెలో ఉండేది వేరే ఊరు మనుషులు. ఎనిమిదేళ్ల పిల్లకు తమ్ముడిని అప్పగించడం అక్కడ తప్పు కాదు, ఎందుకంటే చుట్టూ పది కళ్లు ఉండేవి. ఆ కళ్లు ఇక్కడ లేవు. అలవాటు మాత్రం వాళ్లతోనే వచ్చింది.

పేదరికం వేరు, నిర్లక్ష్యం వేరు

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం పిల్లలకు చేటు చేసే క్రూరత్వాన్ని 75వ సెక్షన్‌లో నేరంగా పెట్టింది. కొట్టడం, వదిలేయడం, కావాలని నిర్లక్ష్యం చేయడం అందులోకి వస్తాయి. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. తల్లిదండ్రుల చేతిలో లేని పరిస్థితుల వల్ల బిడ్డను వదలాల్సి వస్తే అది కావాలని చేసినట్టు కాదని అదే సెక్షన్ చెబుతోంది. పిల్లల్ని హోమ్‌కు పంపడం చివరి మార్గం మాత్రమేనని, మొదటి బాధ్యత కుటుంబానిదేనని చట్టంలోని మూల సూత్రాలు అంటున్నాయి.

పొరుగువాళ్లు, స్కూల్ టీచర్లు, మస్జిద్ కమిటీవాళ్లు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. సాయం అందితే ఈ పరిస్థితి మారుతుందా? పాలడబ్బా, టీకా, అంగన్‌వాడీలో చోటు దొరికితే బిడ్డ కోలుకుంటే అది పేదరికం. అన్నీ అందుబాటులో ఉన్నా బిడ్డకు జ్వరమొస్తే పట్టించుకోకపోవడం, ఇద్దరు పిల్లలకు పెట్టి ఒకరిని మాత్రమే ఆకలితో ఉంచడం, గదిలో పెట్టి తాళం వేయడం లాంటివి కనిపిస్తే అది వేరే విషయం. మారుతల్లో, మారుతండ్రో, దూరపు చుట్టమో పెంచుతున్న పిల్లల మీద ఇంకాస్త కన్నుండాలి. దారిలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు వలస కుటుంబాల్లో ఇలా ఎవరో ఒకరి దగ్గర పెరగడం మామూలే. వాళ్లలో చాలామందిని ప్రేమగానే చూసుకుంటారు, కానీ కొందరిని పనిమనిషిలా వాడుకుంటారు.

దెబ్బల విషయంలో ఒక గుర్తు ఉంది. ఆడుకునే పిల్లలకు మోకాళ్లు, మోచేతులు, నుదురు, కాళ్ల ముందు ఎముక మీద దెబ్బలు తగులుతాయి. చెవులు, బుగ్గలు, వీపు, తొడల వెనక భాగం, పొట్ట మీద కమిలిన గుర్తులు ఆటలో మామూలుగా రావు. ఇంకా నడక రాని పసిబిడ్డకు ఎక్కడ కమిలినా అడగాల్సిందే. అంచులు గీసినట్టు ఉన్న కాలిన మచ్చ కూడా అంతే. అయితే మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద నీలం మచ్చ ఉంటుంది, అది దెబ్బ కాదు. హిజామా చేయించిన గుండ్రటి గుర్తులు కూడా దెబ్బలు కావు. ఈ రెండూ తెలియక విదేశాల్లో డాక్టర్లు అనుమానపడ్డ సందర్భాలు ఉన్నాయి కాబట్టి పిల్లల డాక్టర్‌కు ముందే చూపించి రాయించుకోవడం మంచిది.

ముందే ఆపేవి ఏమిటి?

పిల్లల రక్షణ మీద పనిచేసేవాళ్లు చాలాకాలంగా ఒక మాట అంటున్నారు. తల్లిదండ్రులకు ఉపన్యాసం ఇస్తే హింస తగ్గదు, వాళ్ల బరువు తగ్గితే తగ్గుతుంది. కష్టం వచ్చినప్పుడు చేతికందే సాయం, మాట్లాడుకోవడానికి నలుగురు మనుషులు, పిల్లలు ఏ వయసులో ఎలా ఉంటారో తెలియడం, తమ మనసును తాము నిలబెట్టుకోవడం. ఇవి ఉన్న ఇళ్లలో చెయ్యి తక్కువ లేస్తుంది.

క్యాంపు దగ్గర ఇది ఎలా ఉంటుంది? పనికి వెళ్లే తల్లులు ఐదారుగురు కలిసి రోజుకొకరు ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకుంటే, మిగతావాళ్లు ఆమె కూలిలో కొంత పంచుకుంటే అదే ఒక బాలవాడీ. పొయ్యి ఉన్న గుడిసెలో పిల్లల్ని తాళం వేసి పోవాల్సిన అవసరం తప్పుతుంది. ఇది చిన్న విషయం కాదు. టార్పాలిన్ గుడిసెలకు నిప్పంటుకుంటే కొన్ని నిమిషాల్లో వరుసంతా పోతుంది. జకాత్, సదఖా ఇచ్చేవాళ్లు రంజాన్‌లో రేషన్ కిట్లు పంచుతున్నారు, మంచిదే. ఇలాంటి పిల్లల గదికి ఏడాది అద్దె కట్టమంటే మాత్రం చాలామంది వెనకాడతారు. ఫొటో రాదు కదా.

కొట్టడం గురించి కూడా నేరుగా మాట్లాడాలి. ఇంట్లో తల్లిదండ్రులు పిల్లల్ని కొట్టడాన్ని పూర్తిగా నిషేధించే ప్రత్యేక చట్టం ఇండియాలో లేదు. స్కూల్లో అయితే 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. చాలామంది అబ్బాలు "మమ్మల్ని కొట్టే పెంచారు, మేం బాగుపడలేదా" అంటారు. అలాంటి తండ్రితో వాదన పెట్టుకుంటే లాభం లేదు. కోపం వచ్చిన మొదటి రెండు నిమిషాలు ఇంట్లోంచి బయటికి రావడం, బిడ్డను భార్యకో పక్కింటి ఖాలాకో అప్పగించడం, ఏడుపు ఆపని పసిబిడ్డను ఎప్పుడూ ఊపి కుదపకపోవడం లాంటివి చెబితే వింటారు. పసిబిడ్డను గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం అయ్యి ప్రాణం పోవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియని తండ్రులు ఎంతమందో!

స్కూలు, మక్తబ్

స్కూల్లో పేరున్న పిల్లను రోజూ ఒక టీచర్ చూస్తుంది. వారం రోజులు రాకపోతే అడుగుతుంది. అందుకే బడి అనేది చదువు కోసమే కాదు, రక్షణ కోసం కూడా. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో అడ్మిషన్ నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. వయసుకు తగ్గ క్లాసులో చేర్చుకోవాలని 4వ సెక్షన్‌లో ఉంది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రోహింగ్యా పిల్లలు ముందు నేరుగా ప్రభుత్వ స్కూళ్లలో అడ్మిషన్ అడగాలని, అర్హత ఉండీ ఇవ్వకపోతే హైకోర్టుకు వెళ్లవచ్చని చెప్పింది. హెడ్‌మాస్టర్ "ఆధార్ లేదు, రావద్దు" అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగాలి.

మక్తబ్, మదర్సాలు నడిపేవాళ్లకు ఒక మాట. చదువు చెప్పే గది తలుపు తెరిచి ఉంచడం, ఒక ఉస్తాద్ దగ్గర ఒకే పిల్ల ఒంటరిగా లేకుండా చూడటం, రాత్రి పిల్లలు పడుకునే చోట పెద్దలు కలిసి పడుకోకపోవడం, బెత్తం బయట పెట్టడం. వీటికి డబ్బు ఖర్చు లేదు. మంచి ఉస్తాద్‌కు కూడా ఇవే రక్షణ.

పెళ్లి పేరుతో, పని పేరుతో

ఆడపిల్ల పెద్దదైతే గుడిసెకు తలుపు లేదు, బాత్రూమ్‌కు గడియ లేదు, పెళ్లి చేసేస్తే భద్రం అని తల్లిదండ్రులు అనుకుంటారు. భయం నిజమైనదే, మందు మాత్రం తప్పు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. పెళ్లి జరిపించినవాళ్లకు రెండేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. ఇందులో నిఖా చదివే ఖాజీ కూడా ఉన్నారు. పెళ్లికి ముందే తెలిస్తే ఆ అమ్మాయిని రక్షణ అవసరమైన బిడ్డగా చూసి బాలల సంక్షేమ కమిటీ ఆపించగలదు. బాత్రూమ్‌కు గడియ, దారిలో ఒక లైటు పెడితే ఒక పెళ్లి ఆగుతుందంటే నవ్వొస్తుందేమో, కానీ తల్లులు భయపడేది అక్కడే.

ఈ విషయంలో పాత బస్తీ ఎవరికీ పాఠాలు చెప్పే స్థితిలో లేదు. 1991లో ఒక ముసలి అరబ్బు వెంట విమానంలో వెళ్తున్న పాత బస్తీ చిన్నారిని ఎయిర్ హోస్టెస్ గమనించి కాపాడిన సంగతి దేశమంతా చదివింది. ఆ తర్వాత కూడా షేకుల పెళ్లిళ్ల కేసులు వస్తూనే ఉన్నాయి. పని సంగతీ అంతే. 2015 జనవరిలో పాత బస్తీలోని గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లల్ని బయటికి తెచ్చారు. ఎక్కువమంది బిహార్ పిల్లలు. తల్లిదండ్రులు లేకుండా కొత్త ఊరికి వచ్చిన వలస పిల్లలంటే వాళ్లే. 14 ఏళ్ల లోపు పిల్లలతో పని చేయించడం నేరం. స్కూల్ అయ్యాక సొంత ఇంటివాళ్లకు ప్రమాదం లేని పనిలో సాయం చేయడానికి మినహాయింపు ఉంది. 14 నుంచి 18 మధ్యవాళ్లను ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో తెలంగాణ పోలీసులు ఏటా తనిఖీలు చేస్తారు. మిగతా పది నెలలు చూడాల్సింది పక్కింటివాళ్లే.

పిల్ల నోరు విప్పితే

లైంగిక వేధింపు గురించి పిల్ల చెప్పినప్పుడు మొదట నమ్మాలి. "ఎందుకు వెళ్లావ్, ఎందుకు అరవలేదు" అనకూడదు. పదే పదే చెప్పించకూడదు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే చెప్పాల్సి వస్తుంది. బట్టలు ఉతకకుండా అలాగే కాగితపు సంచిలో పెట్టాలి, వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రభుత్వమైనా ప్రైవేటైనా ఆసుపత్రి ఉచితంగా ప్రథమ చికిత్స చేయాల్సిందే. ఎఫ్‌ఐఆర్ తెమ్మని వెనక్కి పంపకూడదు.

2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ నడిపేవాళ్లయితే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టలేరు. కాబట్టి క్యాంపు పెద్దలో, బస్తీ పెద్దలో కూర్చుని "పరువు పోతుంది, డబ్బు తీసుకుని రాజీ అవ్వండి" అంటే అది సర్దుబాటు కాదు, ఇంకో నేరం. పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో, ఆమె కోరిన చోటో, యూనిఫాం లేకుండా, వీలైనంత వరకు ఎస్‌ఐ స్థాయి మహిళా అధికారి తీసుకోవాలి. ఆడపిల్లకు పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. పేరు, ఫొటో బయటికి రాకూడదు, వాట్సాప్ గ్రూపుల్లో కూడా. హైదరాబాద్‌లో 2016 నుంచి ఉన్న భరోసా సెంటర్‌లో కౌన్సెలింగ్, వైద్య సాయం, వాంగ్మూలం ఒకే చోట జరుగుతాయి.

భాష తెలియని పిల్లకు దుబాసీని ఇవ్వాలని పోక్సో 38వ సెక్షన్‌లో ఉంది. ఆ దుబాసీ బంధువు కాకుండా, అదే క్యాంపు మనిషి కాకుండా చూడమని పట్టుబట్టండి. నిందితుడి తమ్ముడే తర్జుమా చేస్తే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

"ఫోన్ చేస్తే మమ్మల్నే పట్టుకుపోతే?"

అసలు ప్రశ్న ఇదే. చాలా దెబ్బలు, చాలా కన్నీళ్లు ఈ ఒక్క భయం వెనకే దాక్కుంటాయి. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. తప్పుడు మార్గంలో ఆధార్, ఓటరు కార్డులు తీసుకున్నారని హైదరాబాద్‌లో రోహింగ్యాల మీద కేసులు నమోదయ్యాయి. 2021 మార్చిలో జమ్మూలో చాలామందిని నిర్బంధంలో పెట్టారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రాజ్యాంగంలోని 14, 21 అధికరణలు పౌరులు కానివాళ్లకూ వర్తిస్తాయని చెబుతూనే, దేశం నుంచి పంపకుండా ఉండే హక్కు పౌరులకు మాత్రమే ఉన్న నివాస హక్కులో భాగమని, చట్టప్రకారం ప్రక్రియ పాటించకుండా మాత్రం పంపకూడదని అంది.

పిల్లల విషయంలో చట్టం ఇంకాస్త స్పష్టంగా ఉంది. జువెనైల్ జస్టిస్ చట్టంలో, పోక్సోలో బిడ్డ అంటే 18 ఏళ్లు నిండని వ్యక్తి. పౌరుడు అన్న మాట లేదు. 1992లో ఇండియా ఒప్పుకున్న బాలల హక్కుల ఒప్పందంలో 22వ అధికరణం శరణార్థి పిల్లల గురించే. అయినా భయం ఉంటే దారులు ఉన్నాయి. తల్లి స్వయంగా స్టేషన్‌కు వెళ్లే బదులు యూఎన్‌హెచ్‌సీఆర్ భాగస్వామ్య సంస్థ కార్యకర్తను, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్‌ను వెంట తీసుకెళ్లొచ్చు. పిల్లలకూ, మహిళలకూ అక్కడ ఉచిత న్యాయ సాయం ఉంటుంది. బాలల సంక్షేమ కమిటీ ముందుకు నేరుగా కూడా వెళ్లొచ్చు. అందులో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. రక్షణలోకి తీసుకున్న బిడ్డను 24 గంటల్లో ఆ కమిటీ ముందు హాజరుపరచాలి. మొదటి రోజే కుటుంబం వైపు మనిషి అక్కడ ఉంటే బిడ్డ హోమ్‌లో నెలల తరబడి ఉండిపోయే అవకాశం తగ్గుతుంది.

మనవాళ్లు అవతలి దేశంలో ఉంటే

ఇప్పటిదాకా చదివి "ఇది మన ఇంటి సంగతి కాదు" అనుకున్నవాళ్లకు. 2012 డిసెంబర్‌లో నార్వేలో ఓస్లో కోర్టు ఒక తెలుగు దంపతులకు కొడుకును హింసించారన్న కేసులో జైలు శిక్ష వేసింది, తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు. నార్వేలో 1987 నుంచి పిల్లల్ని కొట్టడం పూర్తిగా నిషేధం. స్వీడన్ అందరికంటే ముందు 1979లోనే ఆ చట్టం చేసింది. జర్మనీ 2000లో, న్యూజిలాండ్ 2007లో, స్కాట్లాండ్ 2019లో చేశాయి. అమెరికాలో స్కూల్ టీచర్, డాక్టర్ అనుమానం వస్తే చాలు అధికారులకు చెప్పి తీరాలి. "అబ్బా వస్తే చంపేస్తాడు" అని పిల్లాడు మామూలు మాటగా అన్నా అక్కడ అది ఫైల్ అవుతుంది.

వీసా మీద వెళ్లే కుటుంబాలు సామాను లిస్టుతో పాటు ఆ దేశ చట్టం కూడా చూసుకోవాలి. అధికారులు ఇంటికి వస్తే తలుపు వేసుకోవడం, పిల్లాడితో అబద్ధం చెప్పించడం, రాత్రికి రాత్రి టికెట్ బుక్ చేయడం వల్ల కేసు బిగుసుకుంటుంది. దుబాసీని అడగడం, లాయర్‌ను అడగడం, పేరెంటింగ్ క్లాస్‌కు వెళ్లమంటే వెళ్లడం వల్ల తేలికవుతుంది. మీ పిల్లను మాత్రం దుబాసీగా పెట్టకండి.

1098కి ఫోన్ చేసేటప్పుడు

పిల్లల కోసం ఉన్న ఈ నంబర్‌కు 24 గంటలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ప్రాణాపాయం ఉంటే 112. మీ పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. క్యాంపులకు ఇంటి నంబర్లు ఉండవు కాబట్టి దగ్గర్లోని మస్జిద్, వాటర్ ట్యాంక్, స్క్రాప్ గోదాం ఏదో ఒకటి గుర్తుగా చెప్పండి, ఎన్నో వరుసో చెప్పండి. పిల్ల సుమారు వయసు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, మీరు కళ్లతో చూసింది ఏమిటి, ఇంకొకరు చెబితే విన్నది ఏమిటి విడివిడిగా చెప్పండి. ఆ ఇంట్లోవాళ్లకు ఏ భాష వస్తుందో తప్పకుండా చెప్పండి. ఫోన్ చేసిన తేదీ, టైమ్ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రెండు రోజుల్లో ఎవరూ రాకపోతే ఆ కాగితం పట్టుకుని బాలల సంక్షేమ కమిటీకి వెళ్లొచ్చు.